సాసేజీలో కరివేపాకు

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా
3 జూన్ 1984

నవోమీకి,

మీ వదిన కరుణమ్మ దీవెనలు. ఇక్కడ మేం కులాసా. మీ అన్నయ్యకి ల్యాబ్‌లో పని ఎక్కువై శనివారాలు కూడా వెళ్తున్నారు. తమ్ముడు సత్యానందం ఫోన్ చేసి నెల దాటింది, వాడి సంగతి తర్వాత తేలుస్తాను.

అసలు విషయానికొస్తాను. చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదని నీకు తెలుసు. మొన్న మీ పాస్టరమ్మ గారు ఫోన్ చేశారు. తల్లుల దినం నాడు మీ చర్చి ప్రేమవిందులో జనం ఎగబడి తిన్నది నీ సాసేజీ అట. ముందు నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకు. ప్రేమవిందుకి నీ వంతు ఎప్పుడూ పేపర్ ప్లేట్లూ, కోసిన ఉల్లిపాయలే కదా. నువ్వు వండిన చారు తాగి మీ అన్నయ్య రెండ్రోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత నువ్వు లేచి సాక్ష్యం చెప్పావట. ఇది మా అత్తయ్య గారి వంట, ఆవిడ మిషన్ బంగళాలో దొరసాని గారి దగ్గర నేర్చుకున్నారు, ఉదయ్ పుట్టినప్పుడు చికాగో వచ్చి ఆర్నెల్లుండి నా చేత చేయించి నేర్పి వెళ్ళారు అని. ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారట.

నవోమీ, ఆవిడ నన్ను కన్నతల్లి. అమ్మ బంగళాలో పనిచేసిన నాలుగేళ్ళూ నేను హాస్టల్లో నీళ్ళ పప్పు తింటూ ఉన్నాను. అందుకే ఆ సాసేజీ సంగతి నాకు తెలియలేదు కాబోలు. తెలియకపోతే పోయింది, కడుపున పుట్టిన దానికి నేర్పకుండా కోడలికి నేర్పిందా? రెండు రోజులుగా ఇదే మాట తిరుగుతోంది బుర్రలో. ఎవరి మీద కోపమో కూడా తెలీడం లేదు.

సెప్టెంబరు ఇరవై రెండుకి అమ్మ పోయి రెండేళ్ళు. ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నాను. ఆ వంట నా చేత్తో చేసి వచ్చిన వాళ్ళకి పెడతాను. ఏది ఎంతో, ఎలాగో, ఒక్కటీ దాచకుండా రాయి.

మీ వదిన,
కరుణమ్మ


చికాగో
17 జూన్ 1984

పూజ్యులైన వదిన గారికి,

ప్రభువు నామంలో నవోమి వందనాలు. మీ ఉత్తరం చేరి పది రోజులైంది. డ్యూటీలు ఎక్కువై వెంటనే రాయలేకపోయాను, క్షమించాలి. ఉదయ్‌కి దగ్గు తగ్గింది. ఆయన బాగున్నారు, ఈ ఆదివారం తప్పకుండా మీకు ఫోన్ చేస్తానన్నారు.

పాస్టరమ్మ గారు కాస్త ఎక్కువ చేసి చెప్పి ఉంటారు. అది పెద్ద వంటేమీ కాదు. మీరు అంత కష్టపడనక్కర్లేదు, కూడికకి బిర్యానీ చేసినా బాగుంటుంది.

అయినా అడిగారు కాబట్టి రాస్తున్నాను. రెండు పౌన్ల ఖీమా, కొవ్వు కాస్త ఉండాలి. అత్తయ్య గారు ఊళ్ళో వేటమాంసంతో చేసేవారట, ఇక్కడ నేను పోర్క్ వాడుతున్నాను. ఇరవై ఎండు మిరపకాయలు నానబెట్టి, చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, అల్లం, పసుపు, నిమ్మగడ్డి మొదళ్ళు, వేయించిన ఎండు రొయ్యలు కలిపి మెత్తగా నూరండి. ఆ ముద్ద ఖీమాలో పట్టించి కొత్తిమీర, సన్నగా తరిగిన కరివేపాకు వెయ్యండి. మాంసం కొట్లో ఉప్పులో వేసిన పేగులు అమ్ముతారు. శుభ్రంగా కడిగి, గరాటు పెట్టి నింపి, చుట్టలా చుట్టి సన్న సెగ మీద కాల్చాలి.

నిమ్మగడ్డి ఇక్కడ థాయ్ వాళ్ళ కొట్లో దొరుకుతుంది. నాతో పనిచేసే సోంజై అని ఒక థాయ్ నర్సు ఉంది, ఆమె చూపించింది.

అన్నయ్య గారికి నా వందనాలు.

మీ మరదలు,
నవోమి


ఫ్రీమాంట్
15 జూలై 1984

నవోమీ,

మొదటిసారి పేగులన్నీ పటపటా చిట్లిపోయాయి. రెండోసారి నింపడం కుదిరింది కానీ పొయ్యి మంట పెద్దదై పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోయింది. మూడోసారి వెనక పెరట్లో బొగ్గుల మీద గంటసేపు కాల్చాను. పక్కింటి తెల్లాయన కంచె మీంచి తొంగి చూసి ఏమిటా వాసన అన్నాడు. ఒక ముక్క పెట్టాను. మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఇంకో ముక్క అడిగాడు.

ఇప్పుడు నన్ను పట్టుకోలేవు. ముద్దపప్పు, నెయ్యి, పక్కన ఈ ముక్కలు, మొదటి రోజు అలా తిన్నాం. మర్నాడు కోడిగుడ్ల పొరటులో వేశాను. తర్వాత దిబ్బరొట్టె పిండిలో ముక్కలు కలిపి మూత పెట్టి కాల్చాను, అది మీ అన్నయ్య ఒక్కరే తినేశారు. మిగిలింది పులిహోరలో వేరుశనగ గుళ్ళ బదులు వేస్తే ఆ పులుపుకి ఈ కారం భలే కుదిరింది. ఆఫీసుకి హాట్‌డాగ్ బన్నులో పెట్టుకుని వెళ్ళాను. మిగతావాళ్ళు ఆవాల పచ్చడి పూసుకుంటుంటే నేను గోంగూర పూసుకున్నాను.

కరివేపాకు మాత్రం ఏడిపించింది. ఇక్కడెక్కడా దొరకదు. అమ్మ పోయే ముందు ఏడు పంపిన ఎండు కరివేపాకు డబ్బాలో అడుగున కాస్త మిగిలింది. వాడకుండా దాచుకున్నాను, అప్పుడప్పుడు మూత తీసి వాసన చూసుకునేదాన్ని. ఆకు లేకుండా ఎన్నిసార్లు చేసినా ఏదో తక్కువగానే ఉంది. అందుకని ఆ చివరి గుప్పెడు కూడికకి వెయ్యాలని తీసి పెట్టాను. దానికి అంతకంటే మంచి ఖర్చు ఏముంది.

ఇంకొకటి అడుగుతాను, నవ్వకు. పేగులు నింపుతూ అమ్మ నీతో ఏం మాట్లాడేది? నా మాట ఎప్పుడైనా వచ్చిందా?

ఆ థాయ్ అమ్మాయికి కూడా నువ్వు చేసింది ఓ ముక్క పెట్టు. గడ్డి చూపించిన పుణ్యానికి.

కరుణమ్మ


చికాగో
6 ఆగస్టు 1984

వదిన గారికి వందనాలు.

కరివేపాకు తప్పనిసరి కాదు. దయచేసి ఆ చివరి గుప్పెడు వెయ్యొద్దు. లేకపోయినా బాగానే ఉంటుంది.

నింపేటప్పుడు తొందరపడితే పేగు చిట్లుతుందని అత్తయ్య గారు అనేవారు. ఏదో ఒకటి మాట్లాడుతూ నింపు, అప్పుడు చెయ్యి దానంతటదే నెమ్మదిస్తుంది అనేవారు. మీ మాట కూడా వచ్చింది. కరుణకి ఇది నేర్పలేకపోయాను, పిల్ల దగ్గర లేకపోయింది అన్నారు.

ఉదయ్ పిలుస్తున్నాడు, ఇంతటితో ముగిస్తాను.

నవోమి


ఫ్రీమాంట్
30 సెప్టెంబరు 1984

నా బంగారు నవోమికి,

ఇలా ఎప్పుడూ పిలవలేదు కదూ. పిలిపించుకునే పని చేశావు మరి.

కూడిక బాగా జరిగింది. ముప్ఫై మంది వచ్చారు. ఆకు వద్దన్నావు కానీ వేశాను. డబ్బా దులిపి మరీ వేశాను. కాల్చిన సాసేజీ పల్చగా కోసి అల్లం ముక్కలు, ఉల్లి చక్రాలు పరిచి పళ్ళేలు నింపాను. ప్రార్థనయ్యాక అందరి చేతుల్లో పెట్టి నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. అంతే, అమ్మ వచ్చి పక్కన నిలబడ్డట్టు అయిపోయింది. 

తర్వాత లేచి సాక్ష్యం చెప్పాను. వేసవి సెలవులకి హాస్టల్ నుంచి వచ్చినప్పుడు అమ్మ నాకిది చేసి పెట్టేది, మర్చిపోయాను, నా మరదలి వల్ల మళ్ళీ గుర్తొచ్చింది అని చెప్పాను.

నీ వంటని వెక్కిరించిన రోజులన్నిటికీ నన్ను క్షమించు. క్రిస్మస్‌కి మేమిద్దరం చికాగో వస్తున్నాం, టిక్కెట్లు బుక్ చేయించాను. నువ్వూ నేనూ కలిసి నింపుదాం. నువ్వు మాట్లాడుతూ ఉండు, నేను వింటాను.

మీ వదిన


చికాగో
21 అక్టోబరు 1984

వదినా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇదైనా పోస్టు చేస్తానో లేదో.

అది అత్తయ్య గారి వంట కాదు. అత్తయ్య గారు సాసేజీ ఎప్పుడూ చెయ్యలేదు. బంగళా దొరసాని మాట కూడా నేను కల్పించిందే. ఉన్న ఆర్నెల్లూ ఆవిడ నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు, నువ్వు బాలింతవి కూర్చో అనేవారు. నాకేమీ నేర్పలేదు.

అది సోంజై చేసింది. వాళ్ళది చియాంగ్‌మై. వాళ్ళ ఊళ్ళో అందరూ చేస్తారట, ఈమెకి వాళ్ళమ్మ నేర్పింది. సెలవు రోజున చేసి, మీ ఆయనకి పెట్టు అని నాకొక చుట్ట రేకు కాగితంలో చుట్టి ఇచ్చేది. తల్లుల దినానికి అందులోంచి పట్టుకెళ్ళాను. ఎవరు చేశారని పాస్టరమ్మ గారు అడిగితే నేనే అన్నాను. ఆరేళ్ళుగా పేపర్ ప్లేట్లు మోస్తున్నాను వదినా. నా గిన్నె మొదట ఖాళీ అవడం అదే మొదలు. ఆ తర్వాత, నీ చేతికి ఇంత రుచి ఎక్కడిది అన్నారు. సాక్ష్యాలు చెప్పే వేళయింది, అందరూ తల్లుల గురించి చెబుతున్నారు. లేచాను. నోట్లోంచి ఆ మాట అలా వచ్చేసింది. పోయినావిడ వచ్చి కాదనరు కదా అనుకున్నాను. ఆవిడకి కూతురుందని ఆ క్షణాన తట్టలేదు.

ఆ రాత్రి మీ తమ్ముడు, అమ్మ ఎప్పుడు నేర్పింది అన్నారు. మీరు ఆఫీసుకి వెళ్ళినప్పుడు అన్నాను. నమ్మారు.

మీరు వంట అడిగాక సోంజైని అడిగాను. వాళ్ళింటికి తీసుకెళ్ళి, నా చేతుల మీద చేతులు వేసి నేర్పింది. మాట్లాడుతూ నింపు, చెయ్యి నెమ్మదిస్తుంది అన్నది వాళ్ళమ్మ మాట. నేను దాన్ని అత్తయ్య గారి నోట్లో పెట్టి మీకు పంపాను. వాళ్ళు వేసేది ఒక రకం నిమ్మచెట్టు ఆకు. అది మన ఊళ్ళో ఉండదు, రాస్తే మీకు అనుమానం వస్తుందని కరివేపాకు అని మార్చాను. దాని కోసం మీరు అత్తయ్య గారి చివరి ఆకులు వేసేశారు. ఆ ఉత్తరం చదివిన రోజు బాత్రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చాను, అయినా వెంటనే నిజం రాయలేకపోయాను.

మా చర్చికి ఒకసారి వస్తానని సోంజై రెండుసార్లు అడిగింది. మాదంతా తెలుగులో ఉంటుంది, నీకు బోరు కొడుతుంది అని తప్పించాను. పోయిన వారం వాళ్ళమ్మ చనిపోయింది. గ్రీన్‌కార్డ్ పని తేలక వెళ్ళలేకపోయింది. బ్రేక్‌రూమ్‌లో కూర్చుని, ఇక అమ్మది నా దగ్గర ఉన్నది ఈ వంటొక్కటే అంది. నేను ఆమె ఎదురుగా ఆ సాసేజీయే తింటున్నాను.

కరుణకి నేర్పలేకపోయాను అని అత్తయ్య గారు అనలేదు. ఒకటి మాత్రం నిజం. చెప్పే అర్హత నాకు లేదు కానీ చెబుతాను. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. కాలిఫోర్నియాలో ఇప్పుడెంతయింది అని అడిగేవారు.

సిగ్గుతో చచ్చిపోతున్నాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

నవోమి


ఫ్రీమాంట్
9 డిసెంబరు 1984

నవోమీ,

క్రిస్మస్‌కి రావడం లేదు. టిక్కెట్లు క్యాన్సిల్ చేశాం. మీ అన్నయ్యకి సెలవు దొరకలేదని తమ్ముడితో చెప్పాను, నువ్వూ అదే చెప్పు. అబద్ధాలు నీకు కొత్తేమీ కాదు.

ఇంతవరకు రాసి వారం రోజులు బల్ల మీద పెట్టేశాను. ఇవాళ మిగతాది రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి ముందు నిన్ను తిట్టుకున్నాను. నీ మొహం చూడకూడదనుకున్నాను. తర్వాత నా సాక్ష్యం గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో అమ్మ చేసి పెట్టేది అని ముప్ఫై మంది ముందు చెప్పానే, ఆ రుచి నాకెలా గుర్తొచ్చింది? అమ్మ ఎప్పుడూ చెయ్యని వంట కదా. నవోమీ, గుర్తొచ్చిందని నేను కల్పించాను. కోడలికి నేర్పి కూతురికి నేర్పలేదని జనం అనుకుంటారేమోనని. నువ్వు పేపర్ ప్లేట్ల కోసం చెప్పావు, నేను ఇందుకోసం చెప్పాను.

ఇంకోటి కూడా ఉంది. చికాగో వచ్చిన అమ్మని తమ్ముడు మా దగ్గరికి పంపలేదని ఇన్నేళ్ళుగా అందరికీ చెబుతూ వచ్చాను. నీకూ తెలుసు, పాపం నువ్వెప్పుడూ కాదనలేదు. రావద్దని చెప్పింది నేనే. అప్పుడు ఒక్క గది అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం, మీ అన్నయ్యకి ఉద్యోగం లేదు, ఆ అవతారం అమ్మ చూడకూడదనుకున్నాను. ఫోన్ చేస్తే ఎప్పుడు రమ్మంటావు అంటుందని ఫోన్ చెయ్యడం కూడా తగ్గించేశాను. ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చునేదన్నావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయి మళ్ళీ ముందుకి చదవలేకపోయాను.

ఒక్కటి మాత్రం అబద్ధం కాదు. ఆ ముక్క నోట్లో వేసుకున్నప్పుడు అమ్మ పక్కన నిలబడ్డట్టయింది నిజంగానే. ఇప్పుడు తెలిసింది ఎందుకో. అది కరివేపాకు.

ఇక్కడ నేను చెప్పుకోవాల్సిన వాళ్ళకి నేను చెప్పుకుంటాను. నువ్వు ఎక్కడ నిలబడి చెప్పావో అక్కడే నిలబడి చెప్పు. ఆ అమ్మాయిని కూడా పిలువు. ఆమె ముందే చెప్పు.

కరుణమ్మ


చికాగో
27 జనవరి 1985

వదినా,

చెప్పాను. ఈ నెల ప్రేమవిందుకి సోంజైని పిలిచాను. ఎంత సంతోషపడిందో. ఉదయాన్నే లేచి చేసి, పెద్ద పళ్ళెంలో క్యాబేజీ ఆకులు పరిచి, ముక్కలు, వేరుశనగ గుళ్ళు, పచ్చి అల్లం పెట్టి, పక్కన బుట్టలో జిగురన్నంతో వచ్చింది. పట్టు లంగా కట్టుకుంది. ముందు వరుసలో నా పక్కనే కూర్చుంది.

సాక్ష్యాల వేళ లేచి అంతా చెప్పాను. మీ తమ్ముడు తల వంచుకున్నారు. నేను ముగించాక పాస్టర్ ఆమోసు గారు స్తోత్రం అన్నారు, అలవాటు కొద్దీ అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరమ్మ గారు వచ్చి సోంజై చేతులు పట్టుకున్నారు. ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ చేరారు.

సోంజై నవ్వుతూ అందరికీ చేతులు జోడించింది. కార్లో వస్తూ, నా గురించి ఏం చెప్పావు, అందరూ అంత ప్రేమగా చూశారు అంది.

నేను చెప్పిందంతా తెలుగులో. ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు అప్పుడు తెలిసింది, నేను తెలుగునే ఎందుకు పట్టుకున్నానో. నువ్వు నాకు బాగా నేర్పావని చెప్పాను అన్నాను. థాంక్యూ అంది.

మూడు వారాలైంది. ఇంకా చెప్పలేదు. ముందు ఒక్క సిగ్గే ఉండేది, ఇప్పుడు రెండయ్యాయి.

నవోమి


ఫ్రీమాంట్
6 ఫిబ్రవరి 1985

నవోమీ,

ఇంగ్లీషులో చెప్పు. రేపే చెప్పు.

నేను పోయిన ఆదివారం మా వాళ్ళ ముందు చెప్పాను. ఇద్దరు మాట్లాడడం మానేశారు. మీ అన్నయ్య ఇంటికొచ్చి కాఫీ పెట్టి ఇచ్చారు.

చెప్పాక, ఆమె ఇష్టపడితేనే, వాళ్ళమ్మ పేరు అడిగి నాకు రాసి పంపు. సెప్టెంబరు కూడికలో అమ్మ పేరుతో పాటు ఆ పేరు కూడా చదివిస్తాను. ఆవిడ వంట నా ఇంట్లో ముప్ఫై మంది తిన్నారు, ఒక్కరికీ ఆవిడ పేరు తెలీదు.

కరుణమ్మ


చికాగో
14 ఏప్రిల్ 1985

వదినా,

మీ ఉత్తరం అందిన మర్నాడే చెప్పాను. ఉత్తరం ఆలస్యమైంది చెప్పడం వాయిదా వేసి కాదు, రాయడానికి ఏమీ లేక.

క్యాంటీన్‌లో చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది. ఆ రోజు మీ చర్చిలో నాకు చేతులిచ్చిన వాళ్ళందరికీ అప్పటికే తెలుసా అని. తెలుసు అన్నాను. నాకంటే ముందు వాళ్ళకి చెప్పావా, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అంది. ట్రే తీసుకుని వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి వేరే టేబుల్ దగ్గర తింటోంది. డ్యూటీలో కావలసిన మాట మాట్లాడుతుంది, అంతకు మించి లేదు. ఆమెని తప్పుపట్టడానికి నాకేముంది. నేను ఇంట్లో చేసుకున్న చారన్నం నా టేబుల్ దగ్గర తింటున్నాను.

పేరు అడగడానికి రెండు నెలలు పట్టింది. పోయిన శుక్రవారం ఆమె బ్రేక్‌రూమ్‌లో ఒక్కతే ఉంటే వెళ్ళి నిలబడ్డాను. మీరు ఎందుకు అడిగారో చెప్పాను. మీ కూడిక, మీ సాక్ష్యం, మీరు మళ్ళీ లేచి చెప్పడం, అంతా. ఆమె నా చేతిలో పెన్ను తీసుకుని కాగితం మీద వాళ్ళ లిపిలో రాసి, కింద ఇంగ్లీషులో కూడా రాసింది. బువాకేవ్. ఆ కాగితమే ఇందులో పెడుతున్నాను.

కాగితం ఇస్తూ, ఆ వంట మీ వదిన ఎలా చేసింది చెప్పు అంది. చెప్పాను. అల్లానికి, ఎండు రొయ్యలకి ఊరుకుంది. కరివేపాకు అనగానే మొహం ముడిచింది. ఇన్నాళ్ళలో ఆమె మొహంలో కోపం చూడడం అదే, ఈ సంగతంతా చెప్పినప్పుడు కూడా చూడలేదు. మా అమ్మ వంటలో ఆ ఆకు వేశారా అంది.

అది నేను మార్చి రాసింది, తప్పు నాది, మా వదినది కాదు అన్నాను. ఆ ఆకు మా అత్తయ్య గారు పంపినదని, మీరు మూత తీసి వాసన చూసుకునేవారని, అదే చివరి గుప్పెడని కూడా చెప్పాను.

ఆమె లేచి, కప్పు కడుక్కుని, తలుపు దగ్గర ఆగి అంది:

"అయితే ఆ ఒక్కసారికి ఫర్వాలేదు. ఇంకెప్పుడూ వెయ్యొద్దని మీ వదినకి రాయి."

రాశాను.

నవోమి